ఆలస్యం, పొరపాటు: మనసుని కొలిచే పని

(రికార్డింగు నుంచి రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే. మొదలుపెట్టే ముందు మీ చేత చిన్న పని చేయిస్తాను. పెన్నులు, ఫోన్లు పక్కన పెట్టేయండి. కొన్ని మాటలు చదువుతాను, ఊరికే వినండి. రాసుకోవద్దు, పక్కవాళ్ళతో మాట్లాడొద్దు. ఒక్కసారే చదువుతాను.

మంచం. దిండు. మెలకువ. అలసట. కల. దుప్పటి. కునుకు. గురక. పరుపు. ఆవులింత. జోల. రాత్రి.

అంతే. దీన్ని ఇక్కడ వదిలేద్దాం. చివర్లో మళ్ళీ వస్తాను దీని దగ్గరికి. నేను మరిచిపోతే మీరే గుర్తు చేయండి.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఏడెనిమిదులు ఎంత? యాభై ఆరు. భలే, అందరూ ఒకేసారి అన్నారు. ఎలా వచ్చింది ఆ యాభై ఆరు? "గుర్తుంది సార్" అంటున్నారు. గుర్తుంది, సరే. నేను అడిగిన క్షణానికీ, మీ నోట యాభై ఆరు అన్న మాట వచ్చిన క్షణానికీ మధ్య ఏదో జరిగింది కదా? అది మీలో ఎవరికైనా కనిపించిందా? జవాబు తెలిసింది. ఆ జవాబుని ఎవరు వెతికారు, ఎక్కణ్ణుంచి తెచ్చారు, అది మాత్రం తెలియలేదు. వచ్చింది, అంతే.

ఆ మధ్యలో జరిగేదాన్ని పట్టుకోవడమే కాగ్నిటివ్ సైకాలజీ. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం అని ఉంటుంది. ఆ మాట తడబడకుండా అనగలిగితే సగం కోర్సు పూర్తయినట్టే. నేను కాగ్నిటివ్ సైకాలజీ అనే అంటాను. చూసినదాన్ని గుర్తుపట్టడం, గుర్తుంచుకోవడం, మాట్లాడటం, లెక్క కట్టడం, ఒక నిర్ణయానికి రావడం, ఇవన్నీ లోపల ఎలా జరుగుతున్నాయి అన్నది దీని ప్రశ్న. సైకాలజీ అనగానే కొందరు "సార్, నా మనసులో ఏముందో చెప్పండి" అంటారు. నాకు తెలియదండీ. ఏడెనిమిదులు ఎలా వచ్చిందో మీకే తెలియలేదు, ఇక నాకేం తెలుస్తుంది?

మరి ఎవరికీ కనిపించనిదాన్ని సైన్సు చేయడం ఎలా? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మొదట్లో సైకాలజిస్టులకి తట్టిన దారి, మనిషినే అడగడం. 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టాడు. సైకాలజీ పుట్టినరోజు అని పుస్తకాల్లో రాసేది ఆ సంవత్సరాన్నే. శిక్షణ ఇచ్చిన మనుషుల్ని కూర్చోబెట్టి, గంట మోగించి, ఒక రంగు చూపించి, నీ లోపల ఏం జరిగిందో జాగ్రత్తగా చెప్పు అనేవాళ్ళు. దీన్ని అంతఃపరిశీలన అంటారు. దీని చిక్కేమిటో ఏడెనిమిదుల దగ్గర మీరే చూశారు. లోపల జరిగే పని ఆ మనిషికే కనిపించనప్పుడు ఎంత నిజాయితీగా చెప్పినా ఏం చెబుతాడు? పైగా ఒక ప్రయోగశాలలో ఒకటి చెబుతారు, ఇంకోచోట ఇంకోటి చెబుతారు. ఎవరిది తప్పో తేల్చేది ఎవరు?

దాంతో విసిగిపోయి 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే ఆయన, అసలు మనసు గొడవే వద్దు అన్నాడు. బయటికి కనిపించే ప్రవర్తన ఒక్కటే లెక్క. ఏ ప్రేరణ ఇచ్చాం, ఏ ప్రతిస్పందన వచ్చింది, అంతే. ఇది బిహేవియరిజం. అమెరికాలో దాదాపు నలభై ఏళ్ళు ఇదే రాజ్యం చేసింది. ఇప్పుడు చాలామంది వాళ్ళని వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. "చూపించు, కొలిచి చూపించు" అన్న పట్టుదల మాకు వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది.

కానీ వాళ్ళు ప్రయోగాలకి వాడే ఎలుకలే వాళ్ళకి ఎదురు తిరిగాయి. ఎడ్వర్డ్ టోల్మన్, హాంజిక్ కలిసి 1930లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకల్ని చిక్కుదారుల్లో వదిలారు. ఒక గుంపుకి దారి చివర రోజూ తిండి. ఇంకో గుంపుకి ఎప్పుడూ లేదు. మూడో గుంపుకి పది రోజులు ఏమీ లేదు, పదకొండో రోజు నుంచి పెట్టారు. బహుమానం లేకపోతే నేర్చుకోవడం లేదన్నది అప్పటి లెక్క. ఆ లెక్కన మూడో గుంపు పదకొండో రోజున ఓనమాల నుంచి మొదలుపెట్టాలి కదా? పెట్టలేదు. పన్నెండో రోజుకే రోజూ తిండి తిన్న గుంపుతో సమానంగా పరిగెత్తాయి. అంటే ఆ పది రోజులూ అవి ఊరికే తిరగలేదు. దారులు లోపల ఎక్కడో నమోదవుతూనే ఉన్నాయి. 1948లో టోల్మన్ దానికి కాగ్నిటివ్ మ్యాప్ అని పేరు పెట్టాడు. ఎలుక బుర్రలో పటం! బయటికి కనిపించని దాన్ని ఒప్పుకోకుండా ఈ ప్రయోగాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

ఆ తర్వాతి కథ అందరూ చెప్పేదే, గబగబా చెప్పేస్తాను. కంప్యూటర్ వచ్చింది. కంటికి కనిపించని ప్రోగ్రాము గురించి కూడా కచ్చితంగా మాట్లాడొచ్చని అది చూపించింది. 1956 సెప్టెంబరు 11న ఎం.ఐ.టి.లో జరిగిన సమావేశంలో సైకాలజిస్టు జార్జ్ మిల్లర్, భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ, కంప్యూటర్ పరిశోధకులు అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తమ పత్రాలు చదివారు. కాగ్నిటివ్ సైన్సు పుట్టింది ఆ రోజేనని మిల్లర్ తర్వాత చెప్పుకున్నాడు. 1967లో ఉల్రిక్ నైసర్ రాసిన పుస్తకంతో కాగ్నిటివ్ సైకాలజీ అన్న పేరు స్థిరపడింది. చరిత్ర చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మనసు పని చేస్తుండగా కనిపించదు. కానీ రెండు ఆధారాలు వదిలిపోతుంది. ఒకటి ఆలస్యం, రెండోది పొరపాటు. చిన్నప్పుడు మనం దెబ్బలు తిన్నది ఈ రెండింటికే. మాకు అవే పెట్టుబడి.

ముందు ఆలస్యం సంగతి చూద్దాం. 1850 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. సెకనుకి సుమారు 30 మీటర్లు. అప్పటిదాకా పెద్ద పెద్దవాళ్ళే అది కొలవడానికి అందని వేగం అనుకున్నారు. తీరా చూస్తే ఒక మోస్తరు రైలు వేగం. నరానికే సమయం పడితే ఆలోచనకి పట్టదా? 1868లో డచ్ వైద్యుడు డాండర్స్ చాలా తేలికైన ఉపాయం పన్నాడు. దీపం వెలగ్గానే మీట నొక్కు, దీనికి ఎంత సమయం పట్టిందో రాసుకో. తర్వాత రెండు దీపాలు పెట్టి, కుడిది వెలిగితే కుడిచేత్తో, ఎడమది వెలిగితే ఎడమచేత్తో నొక్కు, దీనికీ రాసుకో. రెండో దాంట్లోంచి మొదటిది తీసెయ్. మిగిలిందేమిటి? ఏ చెయ్యో తేల్చుకోవడానికి పట్టిన సమయం. సెకనులో చిన్న ముక్క. ఆలోచించండి, తీసివేత లెక్కతో ఆయన ఒక నిర్ణయం పొడవు కొలిచాడు!

ఇప్పుడు మీరు. మీ ఇంట్లో కిటికీలు మొత్తం ఎన్ని? లెక్కపెట్టి చెప్పండి. తొందరేం లేదు.

చూడండి, చాలామంది కళ్ళు పైకి వెళ్ళాయి. ఈ అమ్మగారి వేలు గాల్లో కదులుతోంది. ఏం చేస్తున్నారమ్మా? "ఒక్కో గదిలోకీ వెళ్ళి చూస్తున్నాను." విన్నారా? ఆవిడ ఈ కుర్చీలోనే ఉన్నారు, గదుల్లో తిరిగొచ్చారు. ఇది మాట వరసకి అనడమా, లేక నిజంగానే లోపల తిరగడం లాంటిది జరుగుతుందా? ఎలా తేల్చాలి?

1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ తేల్చారు. చిన్న చిన్న ఘనాలు అతికించి, చేయి మడిచినట్టు వంకరగా ఉండే ఆకారాల బొమ్మలు గీశారు. పక్కపక్కన రెండు బొమ్మలు చూపిస్తారు. ఇవి రెండూ ఒకే వస్తువా, ఒకటి తిరిగి ఉందా, లేక వేరు వేరు వస్తువులా చెప్పు అంటారు. రెండూ ఒకే వైపు ఉంటే సుమారు ఒక సెకనులో చెప్పారు. ఒకటి కొంచెం తిరిగి ఉంటే కొంచెం ఎక్కువ పట్టింది. బాగా తిరిగి ఉంటే బాగా ఎక్కువ. 180 డిగ్రీలు తిరిగి ఉంటే నాలుగు సెకన్లు దాటింది. కోణం ఎంత పెరిగితే సమయం సరిగ్గా ఆ లెక్కనే పెరిగింది. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత. చేత్తో ఒక వస్తువుని తిప్పితే, ఎక్కువ తిప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది కదా? బుర్రలోనూ అంతే! మొత్తం సైకాలజీలో అందమైన గ్రాఫు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. అక్కడ తిరిగిన వస్తువు లేదు, తిప్పిన చెయ్యి లేదు. తిప్పడానికి పట్టిన సమయం మాత్రం కాగితం మీద ఉంది.

ఇలాంటిదే 1935 నాటి స్ట్రూప్ ప్రయోగం. ఎరుపు అన్న మాటని ఆకుపచ్చ సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటే నోరు ఆగిపోతుంది. చదవొద్దనుకున్నా చదివేస్తాం, ఆ చదివింది వచ్చి అడ్డం పడుతుంది. ఇంటికెళ్ళి పిల్లలతో ఆడి చూడండి. చదువు రాని పిల్లలు టకటకా చెప్పేస్తారు, మనం తడబడతాం.

ఇక జ్ఞాపకం. కొన్ని అక్షరాలు చదువుతాను, వెంటనే అదే వరసలో తిరిగి చెప్పాలి. గు, ల, చి, క, డు, ప, లు, గొ, క.

ఊ, చెప్పండి. మొదటి నాలుగైదు గట్టిగా వచ్చాయి, తర్వాత గొణుగుడు. ఇప్పుడు ఇంకోసారి. ప, ల, క, గొ, డు, గు, చి, లు, క. నవ్వుతున్నారేం? అవే తొమ్మిది అక్షరాలు! అప్పుడు తొమ్మిది మోయాల్సి వచ్చింది, ఇప్పుడు మూడు. పలక, గొడుగు, చిలుక. 1956లో మిల్లర్ రాసింది ఇదే. ఒక్క విడతలో మనం పట్టుకోగలిగింది ఏడు, ఒకటో రెండో అటూ ఇటూగా. కానీ ఏడు ఏమిటి? ఏడు అక్షరాలు కాదు, ఏడు మూటలు. ఇంగ్లీషులో చంక్ అంటారు. ఒక్కో మూటలో ఎంత కట్టుకుంటావో నీ ఇష్టం. మూట కట్టుకునే వీలే లేకుండా జాగ్రత్తపడితే ఆ సంఖ్య నాలుగు దగ్గరే ఆగిపోతుందని 2001లో నెల్సన్ కొవాన్ అన్నాడు. నాకు ఆయన లెక్కే సరైనదనిపిస్తుంది.

చదరంగం ఆడేవాళ్ళున్నారా? ఒకరిద్దరు. చేజ్, సైమన్ 1973లో ఏం చేశారంటే, నిజంగా జరిగిన ఆటలోంచి ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి, పావులు ఎక్కడెక్కడున్నాయో పెట్టమన్నారు. మాస్టర్ చాలావరకు సరిగ్గా పెట్టేశాడు. కొత్తగా నేర్చుకునేవాడు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయాడు. ఆహా, ఏం జ్ఞాపకశక్తి అనుకుంటాం. తర్వాత అవే పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపించారు. మాస్టరూ కొత్తవాడూ ఒక్కటైపోయారు. అంటే ఆయన దగ్గరున్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, ఏళ్ళ తరబడి కట్టుకున్న మూటలు.

జ్ఞాపకం అని ఒక్క మాటలో అంటాం గానీ, అది ఒక్కటి కాదని మాకు నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. హెన్రీ మోలైసన్. బతికి ఉన్నంతకాలం పుస్తకాల్లో హెచ్.ఎం. అని రెండక్షరాలే రాసేవాళ్ళు. 2008లో చనిపోయాకే పేరు బయటికి వచ్చింది. తీవ్రమైన మూర్ఛ రోగం. 27 ఏళ్ళ వయసులో, 1953లో, ఆపరేషన్ చేసి మెదడులో రెండువైపులా కణతల లోపలి భాగం కొంత తీసేశారు. హిప్పోకాంపస్ అనే భాగం చాలావరకు అందులో పోయింది. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి కొత్త విషయం ఏదీ నిలవలేదు. ఇప్పుడు పరిచయం చేసుకుని, బయటికెళ్ళి కాసేపటికి తిరిగొస్తే మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకోవాల్సిందే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయనకి ఒక పని ఇచ్చింది. కాగితం మీద జంట గీతలతో నక్షత్రం. ఆ రెండు గీతల మధ్య పెన్సిలుతో గీసుకుంటూ పోవాలి. కానీ చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలో చూస్తూ గీయాలి. చేసి చూడండి, చెయ్యి మాట వినదు. అటు పొమ్మంటే ఇటు పోతుంది. హెన్రీ కూడా మొదట్లో తప్పులు చేశాడు. మూడు రోజులు చేయించింది. మూడో రోజుకి గీత శుభ్రంగా వచ్చింది. ఆ రోజు ఆయన్ని అడిగితే, ఇలాంటి పని ఎప్పుడూ చేసినట్టు గుర్తే లేదు! చేతికి వచ్చు, మనిషికి తెలియదు. సైకిల్ తొక్కడం గుర్తుండేదీ, నిన్న ఏం జరిగిందో గుర్తుండేదీ ఒకే చోట కాదని ఆ నక్షత్రం చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా, ఇక్కడికొచ్చేసరికి నాకు గొంతు కొంచెం పట్టేస్తుంది. ఆ మనిషి ఐదు దశాబ్దాలు అలా బతికాడు, వచ్చినవాళ్ళందరికీ ఓపిగ్గా సహకరించాడు.

అవధానం గురించి, అంటే ధ్యాస గురించి, రెండు మాటలు. 1953లో కోలిన్ చెర్రీ ఒక చెవిలో ఒక ప్రసంగం, రెండో చెవిలో ఇంకోటి వినిపించి, ఒకదాన్నే పైకి అప్పజెప్పమన్నాడు. రెండో చెవిలో ఏం జరిగిందని తర్వాత అడిగితే, మగ గొంతు ఆడ గొంతుగా మారిందని చెప్పారు. కానీ మధ్యలో ఇంగ్లీషు కాస్తా జర్మన్ అయిపోయిన సంగతి గమనించలేదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ వీడియో చూపించి, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, సుమారు సగంమంది మధ్యలో నడిచి వెళ్ళిన గొరిల్లా వేషాన్ని చూడనే లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయండీ! అందుకే బండి నడుపుతూ "నాది హ్యాండ్స్‌ఫ్రీ, ఏం కాదు" అనేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. చేతులు ఖాళీగానే ఉన్నాయి, ధ్యాస ఖాళీగా లేదు.

ఎవరో చీటీ పంపారు. "పరీక్షలకి దీనివల్ల ఉపయోగం ఉందా?" ఉంది. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి, వీళ్ళకి గుర్తున్నది 81 శాతం, మూసి రాసినవాళ్ళకి 75 శాతం. వారం తర్వాత? మళ్ళీ చదివినవాళ్ళు 42, మూసి రాసినవాళ్ళు 56. రెండోసారి చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే కొంప ముంచుతుంది. అడిగినవాళ్ళెవరో గానీ, పుస్తకం మూసేయండి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 2015లో సైకాలజీ ప్రయోగాలు వంద ఏరి మళ్ళీ చేసి చూస్తే సగం కూడా నిలబడలేదు. మా కాగ్నిటివ్ వాళ్ళవి సోషల్ సైకాలజీ కంటే మెరుగే, అయినా సగం దగ్గరే ఆగాయి. కాబట్టి "మనసు గురించి సైన్సు తేల్చింది" అని ఫోన్లో ఏదైనా వస్తే వెంటనే పదిమందికీ పంపేయకండి.

ఇక పొరపాటు. జ్ఞాపకం కంప్యూటర్ ఫైలు లాంటిది, పెట్టింది పెట్టినట్టు ఉంటుంది అనుకుంటాం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం చూపించి, ఎంత వేగంతో వెళ్తున్నాయో అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మార్చారు. తెలుగులో చెప్పాలంటే, కార్లు "తగిలినప్పుడు" అని కొందరిని, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని కొందరిని అడిగినట్టు. చూసింది అందరూ ఒకటే. తగిలినప్పుడు అని విన్నవాళ్ళు గంటకి సుమారు 32 మైళ్ళు అన్నారు, గుద్దుకున్నప్పుడు అని విన్నవాళ్ళు సుమారు 41 మైళ్ళు అన్నారు. ఇది మాటకి లొంగడమే అనుకుందాం. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. మొదట గట్టి క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు క్రియ విన్న 50 మందిలో 7గురు. ఆ వీడియోలో పగిలిన గాజు లేదు! వాళ్ళు అబద్ధం చెప్పలేదండీ. గుర్తొచ్చిందే చెప్పారు. సాక్షిని ప్రశ్నించేవాళ్ళు మాటలు ఎంత చూసి వాడాలో ఆలోచించండి.

ఎవరో చెయ్యెత్తారు. అవును, మరిచిపోలేదు, మాటల జాబితా. మొదట్లో పన్నెండు మాటలు చదివాను. ఇప్పుడు మూడు మాటలు అంటాను, విన్నామన్నవాళ్ళు చేతులెత్తండి. గురక. చాలా చేతులు. దించండి. కుర్చీ. ఒక్కరూ లేరు. బాగుంది. నిద్ర.

ఓహో. సగానికి పైనే. ఇంత ధీమాగా ఎత్తారు చేతులు! నేను నిద్ర అనలేదు.

ముందు వరసలో పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. "అన్నారు బాబూ, నా చెవులతో విన్నాను." విన్నారు సార్, మీ లోపల విన్నారు. మంచం అన్నప్పుడు నిద్ర కొంచెం కదిలింది, దిండు అన్నప్పుడు ఇంకొంచెం, గురక, ఆవులింత, జోల, ప్రతి మాటా వెళ్ళి ఆ ఒక్క తలుపే తట్టింది. పన్నెండుసార్లు తట్టాక అది తెరుచుకుంది. ఆ శబ్దం బయటిదో లోపలిదో తర్వాత చెప్పడం కష్టం. ఈ జాబితాల పద్ధతి 1959లో జేమ్స్ డీస్‌ది. 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ మళ్ళీ తవ్వి తీశారు. జాబితా మధ్యలో నిజంగా ఉన్న మాటలు ఎంతగా గుర్తొచ్చాయో, అసలు లేని మాట కూడా దాదాపు అంతగానూ గుర్తొచ్చింది. ఇలా మోసం జరుగుతుందని ముందే హెచ్చరిస్తే తగ్గుతుంది గానీ, పూర్తిగా పోదు.

పెద్దాయన ఇంకా ఒప్పుకోవడం లేదు. రికార్డింగు ఉంది సార్, ఇక్కడికి రండి, మొదటి నిమిషం వినిపిస్తాను. మిగతావాళ్ళు ఈలోగా ఇంకోటి చెప్పండి: ఆ జాబితాలో నేను "పక్క" అన్నానా, అనలేదా?